చావు కోరేవారు ఏమడుగుతున్నారు?

షామీర్‌పేట చెరువు దాటి రాజీవ్ రహదారి మీద ఉత్తరంగా కాస్త దూరం వెళితే తుర్కపల్లి వస్తుంది. దాని చుట్టూ జీనోమ్ వ్యాలీ. కోవాగ్జిన్ అక్కడే పుట్టింది. అక్కడి పరిశ్రమల నుంచి టీకాలు శీతల పెట్టెల్లో భద్రంగా ఖండాంతరాలకు వెళతాయి. ఆ రహదారికి పడమటి వైపు, అల్వాల్‌ను ఆనుకొని మచ్చ బొల్లారం ఉంది. అక్కడ ఒక ఇంట్లో పెద్దాయనకు క్యాన్సర్ ఎముకలకు పాకిందనుకుందాం. ఆసుపత్రివాళ్లు చేతులెత్తేసి ఇంటికి పంపేశారు. వీధి చివరి మందుల షాపులో జ్వరం మాత్ర నుంచి ఇన్సులిన్ దాకా అన్నీ దొరుకుతాయి. ఆయనకు కావలసిన మార్ఫిన్ మాత్ర మాత్రం దొరకదు. ధర చూస్తే కొద్ది రూపాయలే. దాని కోసం ఇంట్లో ఒకరు ఆ రోజు పని మానుకొని, సుమారు ఇరవై కిలోమీటర్లు ప్రయాణించి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికో, అనుమతి ఉన్న మరో ఆసుపత్రికో వెళ్లాలి.

ఆ మాత్ర అందని ఇంట్లో అర్ధరాత్రి దాటాక వినిపించే మాట చాలా తెలుగు కుటుంబాలకు తెలిసిందే. "ఇంక నావల్ల కాదురా. ఏదో ఒక సూది వేయించి పంపించెయ్యండి."

ఆయన అడిగింది చావునా, నొప్పి పోవడాన్నా? ఈ రెండూ ఒకటి కావు. కారుణ్య మరణం మీద మన దగ్గర జరిగే చర్చ చాలావరకు ఈ తేడాను పట్టించుకోకుండానే సాగిపోతుంది. టీవీలో ఒకరు ప్రాణం పవిత్రమంటారు, ఇంకొకరు స్వేచ్ఛ అంటారు. మంచం మీదున్న మనిషికి గత నాలుగు గంటల్లో నొప్పి మందు పడిందో లేదో ఎవరూ అడగరు. అందుకే ఈ అధ్యాయం ఆ మందు దగ్గరే మొదలవుతుంది.

క్యాన్సర్ కణాలు ఎముకలో స్థిరపడినప్పుడు, ఎముకను కరిగించే కణాలను అవి రెచ్చగొడతాయి. ఆ చోట ఆమ్లత్వం పెరుగుతుంది, ఎముక పైపొరలోని నాడుల కొసలు ఎడతెగకుండా సంకేతాలు పంపుతుంటాయి. ఆ సంకేతాలు వెన్నుపాము మీదుగా మెదడుకు చేరతాయి. రోజుల తరబడి ఇదే జరిగితే వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. అప్పుడు దుప్పటి తగిలినా నొప్పే, పక్కకు తిప్పినా నొప్పే. నొప్పిని ఓర్చుకుంటే అలవాటైపోతుందని పెద్దవాళ్లు అంటారు గానీ శరీరం తీరు దానికి పూర్తిగా విరుద్ధం. ఓర్చుకున్నకొద్దీ ఆ నొప్పి ఇంకా ముదురుతుంది.

మెదడులోనూ వెన్నుపాములోనూ నల్లమందు పదార్థాలు అతుక్కునే గ్రాహకాలు ఉన్నాయని 1973లో తేలింది. మరో రెండేళ్లకు, ఆ గ్రాహకాల కోసం శరీరం తానే తయారుచేసుకునే రసాయనాలు దొరికాయి. అంటే తాళం మన ఒంట్లోనే ఉంది, గసగసాల మొక్క పాలలోని మార్ఫిన్ దానికి సరిపోయే తాళంచెవి అయింది. మార్ఫిన్ అక్కడ కూర్చుంటే నొప్పి సంకేతం వెన్నుపాము దగ్గరే బలహీనపడుతుంది. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. కాబట్టి నొప్పి వచ్చినప్పుడు వేసుకోవడం కాదు, గడియారం చూసి నాలుగు గంటలకోసారి వేసుకోవాలి. రాత్రి నిద్ర చెడకుండా పడుకునే ముందు రెట్టింపు మోతాదు ఇవ్వడం చాలాచోట్ల వాడుక. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కనుక విరేచనం మాత్ర మొదటి రోజు నుంచే ఉండాలి. మొదటి కొద్ది రోజులు వికారం, మగత ఉంటాయి, తర్వాత తగ్గిపోతాయి. మోతాదుకు పై హద్దు అంటూ లేదు. ఒకరికి రోజుకు 30 మిల్లీగ్రాములు చాలు, ఇంకొకరికి దానికి పది రెట్లు కావాలి.

మార్ఫిన్ ఒక్కటే మందు కాదు. నాడి దెబ్బతిని మంటగా, కరెంటు షాకులా పాకే నొప్పికి ఎమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ లాంటివి కలుపుతారు. ఎముకలో ఒకచోట తేలిన నొప్పికి ఒక్కసారి ఇచ్చే రేడియేషన్ చాలామందికి ఉపశమనమిస్తుంది. క్యాన్సర్ నొప్పికి మెట్టుమెట్టుగా మందులు ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించింది. ఇందులో ఖరీదైన యంత్రం గానీ, అరుదైన నైపుణ్యం గానీ ఏమీ లేవు. కావలసిందల్లా రోగి నొప్పి గురించి చెబితే నమ్మే డాక్టరు, ఆ డాక్టరు రాసిన మాత్ర ఇంటికి చేరే దారి.

ఆ దారి మన దేశంలో మూసుకుపోయిన కథ బాధాకరమైనది. ప్రపంచంలో చట్టబద్ధంగా నల్లమందు పండించే అతికొద్ది దేశాల్లో భారత్ ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో గసగసాలు సాగుచేస్తారు. నీమచ్, గాజీపూర్‌లలోని ప్రభుత్వ కర్మాగారాలు ఆ పాలను శుద్ధి చేస్తాయి. అందులో ఎక్కువ భాగం ఎగుమతి అయ్యేది. ఇక్కడి రోగులకేమో 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం అడ్డుపడింది. లెక్కల్లో చిన్న పొరపాటు జరిగినా కనీసం పదేళ్ల జైలు పడవచ్చన్న భయంతో మందుల షాపులు, ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వలు ఎత్తేశాయి. ఒక్కో రాష్ట్రం నాలుగైదు రకాల అనుమతి పత్రాలు అడిగింది. తర్వాతి పన్నెండేళ్లలో దేశంలో వైద్యపరమైన మార్ఫిన్ వాడకం తొంభై శాతానికి పైగా పడిపోయింది. ఆ కాలంలో డాక్టర్లైన ఒక తరం మార్ఫిన్ మాత్ర ఎలా రాయాలో నేర్చుకోకుండానే ప్రాక్టీసు మొదలుపెట్టింది. అన్నిటికన్నా పెద్ద నష్టం అదే.

2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. దాని కింద మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ సహా ఆరు మందులు అత్యావశ్యక జాబితాలో చేరాయి, దేశమంతటికీ ఒకే నిబంధన వచ్చింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఏదైనా, శిక్షణ పొందిన డాక్టరు ఉంటే వాటిని నిల్వ ఉంచుకోవచ్చు. అయినా 2017లో లాన్సెట్ కమిషన్ వేసిన అంచనా ప్రకారం, మన దేశంలో నొప్పి నివారణకు కావలసిన నల్లమందు ఔషధాల్లో అందుతున్నది నాలుగు శాతమే. ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో అమెరికా వెళ్లింది. 1996 తర్వాత అక్కడి మందుల కంపెనీలు మామూలు నడుంనొప్పికి కూడా ఇలాంటి మాత్రలు అమ్మి లక్షలమందిని వ్యసనంలోకి నెట్టాయి. ఆ కథ విని మచ్చ బొల్లారంలోని పెద్దాయనకు మాత్ర ఇవ్వకపోవడం న్యాయం కాదు. ఆయనకు మిగిలింది నెలలో, వారాలో. ఆయన శరీరం మందుకు అలవాటుపడటం వేరు, మందు కోసం మనిషి దిగజారిపోయే వ్యసనం వేరు.

రెండో భయం డాక్టర్లది. మార్ఫిన్ ఊపిరి ఆపేస్తుందేమో, నొప్పి తగ్గించబోయి ప్రాణం తీసినవాళ్లమవుతామేమో అన్న భయం.

ఇలాంటి భయం మీద ప్రపంచమంతా చూసేంత పెద్ద పరిశోధన ఒకప్పుడు హైదరాబాద్‌లోనే జరిగింది. నగరంలో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా ఎడ్వర్డ్ లారీ ఉండేవాడు. ఆపరేషన్‌లో క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు రోగులు హఠాత్తుగా చనిపోతున్నారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరినా? తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. ఊపిరిని కనిపెట్టి చూస్తే చాలు, క్లోరోఫాం క్షేమమేనని కమిషన్ తేల్చింది. అది పూర్తి నిజం కాదు. క్లోరోఫాం నేరుగా గుండె లయను చెడగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. అయినా ఊపిరి మీద కన్ను వేసి ఉంచే అలవాటు మత్తు వైద్యంలో నిలిచిపోయింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాళ్లలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లోనే చదువుకున్నారు.

మార్ఫిన్ విషయంలోనూ ఊపిరే కొలమానం. తేడా ఏమిటంటే, మోతాదు మితిమీరినప్పుడు ముందుగా కమ్ముకునేది గాఢమైన మగత, ఆ తర్వాతే ఊపిరి నెమ్మదిస్తుంది. అంటే హెచ్చరిక ముందే అందుతుంది. పైగా నొప్పి స్వయంగా ఊపిరిని ప్రేరేపిస్తుంది కాబట్టి నొప్పికి తగ్గట్టు మెల్లమెల్లగా పెంచిన మోతాదు ఊపిరి ఆపేదాకా పోదు. మరణానికి చేరువైనవారిని చూసుకునే హాస్పిస్‌లలోని రోగులపై జరిగిన అధ్యయనాల్లో మార్ఫిన్ మోతాదు పెరిగినంత మాత్రాన ఆయువు తగ్గిన దాఖలా కనిపించలేదు. ఆయాసంతో కొట్టుకునే రోగికి కొద్దిపాటి మార్ఫిన్ ఇస్తే ఆ ఊపిరాడని భావన తగ్గుతుంది కూడా.

నీతిశాస్త్రంలో ద్విఫల సూత్రం అని ఒకటుంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఆత్మరక్షణ గురించి రాస్తూ దానికి పునాది వేశాడు. మంచి ఉద్దేశంతో చేసిన పనిలో, ముందే ఊహించినా కోరుకోని చెడు కలిసి వస్తే దాన్ని హత్యతో సమానం చేయకూడదన్నది దాని సారం. నొప్పికి మందిచ్చే డాక్టర్ల తరఫున ఈ సూత్రాన్ని తరచూ చెబుతారు. నిజానికి సరిగ్గా మార్ఫిన్ ఇచ్చే డాక్టరుకు ఆ రక్షణ అవసరం చాలా అరుదు. ఆయన ప్రాణం తీయడం లేదు, నొప్పి తీస్తున్నాడు అంతే. ఆ సూత్రం నిజంగా అక్కరకొచ్చేది చివరి రోజుల్లో ఏ మందుకూ లొంగని బాధ ఉన్నప్పుడు. అప్పుడు మిడజోలాం లాంటి మందుతో రోగిని నిద్రలో ఉంచుతారు. అక్కడ డాక్టరు ఉద్దేశం, కుటుంబం ఉద్దేశం ఏమిటన్నది నిజంగా ముఖ్యమవుతుంది.

నొప్పి అంటే ఎముకలో ఉన్నది మాత్రమే కాదని చెప్పినవారు సిసిలీ సాండర్స్. నర్సుగా, సోషల్ వర్కరుగా పనిచేసి, ఆ తర్వాత డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించారు. శరీరబాధ, భయం, ఒంటరితనం, తీరని బాధ్యత, అన్నీ కలిస్తేనే మనిషి పడే మొత్తం బాధ అన్నది ఆమె ఆలోచన. మన ఇళ్లలో అయితే దాని రూపం ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. చికిత్సకని కుదవపెట్టిన పుస్తెలతాడు, పెళ్లి కావలసిన కూతురు, కొడుకు మీద పడిన అప్పు, ఇవన్నీ ఆ మంచం పక్కనే ఉంటాయి. "నాకెందుకింత ఖర్చు పెడుతున్నారు" అన్న మాటలో సగం నొప్పి వాటిదే.

దీనికి కఠినమైన సాక్ష్యం చిత్తూరు జిల్లా ఇచ్చింది. 2016లో అక్కడి తల్లిదండ్రులు ఎనిమిది నెలల పాపతో తంబళ్లపల్లె కోర్టుకు వచ్చారు. పాపకు కాలేయం చెడిపోయింది, మార్పిడికి లక్షలు కావాలి, తమ దగ్గర లేవు, కాబట్టి పాపకు కారుణ్య మరణం ప్రసాదించమన్నారు. వార్త పత్రికల్లో వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది, చెన్నైలో కాలేయ మార్పిడి జరిగింది. వాళ్లు చావు కోసం వేసిన అర్జీ లోపల ఉన్నది వైద్యం కోసం వేసిన అర్జీయే. 2021 జూన్‌లో అదే జిల్లాలో ఒక తల్లి జబ్బుతో ఉన్న తొమ్మిదేళ్ల కొడుకును తీసుకొని ఇదే కోరికతో పుంగనూరు కోర్టుకు వచ్చింది. ఆ రోజు కోర్టుకు సెలవు. తిరుగు ప్రయాణంలో ఆటోలోనే ఆ పిల్లవాడు ప్రాణం విడిచాడు. ఇలాంటి వార్తలకు "కారుణ్య మరణం కోరిన తల్లి" అని శీర్షిక పెట్టడం అన్యాయం. ఆ తల్లి కోరింది ఎవరో ఒకరి ఆసరా. దానికి ఆమెకు తెలిసిన ఆఖరి తలుపు కోర్టు.

అయితే చావు కోరిన ప్రతి ఒక్కరూ నిజంగా కోరింది మందో, డబ్బో అని తేల్చేయడం కూడా తప్పే. హాస్పిస్ వైద్యులు కొందరు అలాగే అంటారు: మంచి నొప్పి వైద్యం ఉంటే ఎవరూ చావు అడగరని. కె. వెంకటేశ్ కథ ఆ మాటకు ఒప్పుకోదు.

వెంకటేశ్ హైదరాబాద్ కుర్రాడు, చెస్ ఆటగాడు. అతనిది డుషెన్ కండర క్షీణత. కండర కణాన్ని నిలబెట్టే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారుకాని జబ్బు అది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకు ఆ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది కనుక జబ్బు దాదాపు ఎప్పుడూ వాళ్లకే వస్తుంది. చిన్నప్పుడు మెట్లెక్కడంలో తడబాటు, పన్నెండేళ్లు వచ్చేసరికి చక్రాల కుర్చీ, ఆ తర్వాత ఊపిరి కండరాలు. మెదడు మాత్రం చివరిదాకా స్పష్టంగా పనిచేస్తుంది. 2004 డిసెంబరు నాటికి అతనికి ఇరవై అయిదేళ్లు. ఆసుపత్రిలో ప్రాణాధార యంత్రాల మీద ఉన్నాడు. తాను ఎలాగూ బతకనని అతనికి తెలుసు. ఇన్ఫెక్షన్ పాకి అవయవాలు పనికిరాకుండా పోకముందే యంత్రాలు తీసేసి, ఆ అవయవాలను ఇతరులకు ఇవ్వమని కోరాడు. తల్లి సుజాత ఆ కోరికను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుంచారు.

హైకోర్టు కాదంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం యంత్రాల మీదున్న మనిషి నుంచి గుండె, కాలేయం లాంటివి తీయాలంటే మెదడు మూలం చనిపోయిందని నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. వెంకటేశ్ మెదడు బతికే ఉంది, అడుగుతున్నదే ఆ మెదడు. అతని జబ్బు స్వభావం వల్లే చట్టం పెట్టిన షరతు అతనికి సకాలంలో వర్తించే వీల్లేదు. తీర్పు తర్వాత కొద్ది వ్యవధిలోనే, డిసెంబరు 17న, అతను కన్నుమూశాడు. కళ్లు మాత్రం దానం చేయగలిగారు. రేవతి దర్శకత్వంలో కాజోల్ తల్లిగా నటించిన 'సలాం వెంకీ' సినిమాకు మూలం ఈ కథే.

వెంకటేశ్ అడిగింది నొప్పి మందు కాదు, డబ్బూ కాదు. తన మరణానికి ఒక ప్రయోజనం ఉండాలని, అది తాను చెప్పిన పద్ధతిలో జరగాలని అడిగాడు. ఆ కోరికలో నిరాశ లేదు, ఒంటరితనం లేదు, ఎవరి ఒత్తిడీ లేదు. దాన్ని తోసిపుచ్చడానికి చట్టం దగ్గర సమాధానం ఉండొచ్చు, నీతి దగ్గర సులువైన సమాధానం లేదు. జీవితాంతం ఒక్కో కండరాన్నీ కోల్పోతూ వచ్చిన మనిషి దగ్గర మిగిలిన ఒకే ఒక్క నిర్ణయాధికారం అది.

చట్టం అక్కడే ఆగిపోలేదు. అయితే దాని కథ వెంకటేశ్ కంటే ముందే మొదలైంది. 1994లో సుప్రీంకోర్టు రతినం కేసులో ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే సెక్షన్‌ను కొట్టేసింది. ఆ పిటిషనర్లలో ఒకరు నాగభూషణ్ పట్నాయక్, శ్రీకాకుళ ఉద్యమంతో ముడిపడిన నక్సలైట్ నాయకుడు. రెండేళ్లకే జ్ఞాన్‌కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఆ తీర్పును తిరగరాశారు: జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదు. కానీ సహజంగా ముగుస్తున్న ప్రాణం గౌరవంగా ముగియడం జీవించే హక్కులో భాగమేనని అదే తీర్పులో రాశారు. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1973 నుంచి మంచానికే పరిమితమైన నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో, 2011లో, ఆమె విషయంలో పిటిషన్ కొట్టేస్తూనే, హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్స ఆపవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందస్తు వైద్య నిర్దేశాన్ని, అందరూ లివింగ్ విల్ అని పిలిచేదాన్ని, గుర్తించింది.

ఇవాళ వెంకటేశ్ ఉంటే అతని కోరికలో సగం చట్టబద్ధమే. షరతులకు లోబడి యంత్రాలు తీయవచ్చు. రెండో సగమైన అవయవదానం ఇప్పటికీ కష్టమే. బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో యంత్రాలు తీశాక గుండె ఆగిన కొద్ది నిమిషాలకు అవయవాలు సేకరించడం మామూలు. మన దగ్గర దానం దాదాపు అంతా బ్రెయిన్ డెడ్ అయినవారి నుంచో, బతికున్న బంధువుల నుంచో జరుగుతోంది.

డాక్టరు మందిచ్చి ప్రాణం తీయడం గానీ, రోగి తానే తాగడానికి మందు రాసివ్వడం గానీ భారత్‌లో ఇప్పటికీ నేరమే. నెదర్లాండ్స్, బెల్జియం 2002 నుంచి, కెనడా 2016 నుంచి మొదటిదాన్ని కొన్ని షరతులతో అనుమతిస్తున్నాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి రెండోది మాత్రమే ఉంది. ఒరెగాన్ ఏటా వెలువరించే నివేదికలు ఈ చర్చకు చాలా అవసరం. అక్కడ మందు రాయించుకున్నవాళ్లు చెప్పే కారణాల్లో ముందుండేవి స్వతంత్రత పోవడం, జీవితంలో ఆనందించేదేమీ మిగలకపోవడం, గౌరవం పోవడం. నొప్పి, లేదా నొప్పి వస్తుందన్న భయం, జాబితాలో బాగా కిందుంటుంది. మందు రాయించుకున్నవాళ్లలో సుమారు మూడోవంతు దాన్ని వాడకుండానే జబ్బుతో చనిపోతారు. మందు చేతిలో ఉందన్న ధైర్యమే వాళ్లకు సరిపోయిందేమో. ఇంకో సంగతి కూడా ఉంది: అక్కడ ఇలా చనిపోయేవాళ్లలో అత్యధికులు అప్పటికే హాస్పిస్ సంరక్షణలో ఉన్నవారు. చిత్తూరు కోర్టుకొచ్చిన తల్లిదండ్రుల పరిస్థితికీ దీనికీ పోలికే లేదు. నొప్పి మందు నాలుగు శాతమే అందే చోట చావుకు సాయం చేసే చట్టం ముందు వస్తే, దాన్ని వాడుకునేది పేదరికమే అవుతుంది. ఈ రచయిత ఆ చట్టానికి ఇప్పుడు ఒప్పుకోలేకపోవడానికి కారణం అదొక్కటే. ప్రాణం పవిత్రమనే వాదన కాదు.

చికిత్స వద్దనడం మాత్రం మన సంప్రదాయానికి కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానోద్యమానికి నాంది పలికిన వినోబా భావే 1982 నవంబరులో గుండెపోటు వచ్చాక పవనార్ ఆశ్రమంలో అన్నం, నీరు, మందు మానేసి కన్నుమూశారు. దేశం దాన్ని ఆత్మహత్య అనలేదు. అదే పని ఆసుపత్రి ఐ.సి.యు.లో మామూలు మనిషి చేయబోతే ఎంత గొడవ!

నిజానికి అక్కడ మామూలు మనిషి మాట వినబడటమే తక్కువ. రిపోర్టు రాగానే కుటుంబం డాక్టరును పక్కకు పిలిచి "ఆయనకు చెప్పకండి, తట్టుకోలేరు" అంటుంది. ప్రేమతోనే అంటుంది. ఆ క్షణం నుంచి నిర్ణయాలన్నీ వరండాలోనే జరుగుతాయి. వెంటిలేటర్ పెట్టాలా, ఇంకో కీమో ఇవ్వాలా, అమెరికాలో ఉన్న కొడుకు వచ్చేదాకా ఆపాలా అని రోగిని ఎవరూ అడగరు. చివరికి డబ్బు అయిపోయాక, "మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం" అని సంతకం పెట్టి, ఊపిరి గొట్టం తీయించి, అంబులెన్స్‌లో ఇంటికి తెస్తారు. దేశంలో యంత్రాలు తీసేయడం ఎక్కువగా జరుగుతున్నది ఈ రూపంలోనే. దీనికి బోర్డు లేదు, రికార్డు లేదు. దారి పొడవునా నొప్పి మందు కూడా ఉండదు. ఇన్ని న్యాయచర్చల తర్వాత కూడా ఇది ఇలాగే జరగడం సహించరానిది.

ఇంటికి తేవడమూ అందరికీ కుదరదు. హైదరాబాద్ అద్దె ఇళ్లలో చావు జరగకూడదని పట్టుబట్టే యజమానులున్నారు. 2017లో కూకట్‌పల్లిలో డెంగీతో చనిపోయిన కొడుకు శవాన్ని ఇంట్లోకి తేనివ్వకపోవడంతో ఒక తల్లి రాత్రంతా వానలో వీధిలోనే ఉండిపోయింది. ఇలాంటి నగరంలో హాస్పిస్ వైద్య అవసరం మాత్రమే కాదు, చనిపోవడానికి ఒక కప్పు కూడా. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ ఆ పని ఉచితంగా చేస్తోంది. ఎం.ఎన్.జె.లో డాక్టర్ గాయత్రీ పాలట్ ఆధ్వర్యంలో పెరిగిన ఉపశమన వైద్య విభాగం పెద్దలతోపాటు క్యాన్సర్ పిల్లల నొప్పిని కూడా పట్టించుకుంది. ఎందరో డాక్టర్లకు, నర్సులకు అక్కడే శిక్షణ దొరికింది. తెలంగాణ ప్రభుత్వం ఉపశమన కేంద్రాలను చేవెళ్ల నుంచి మొదలుపెట్టి జిల్లాలకు విస్తరించింది. 'ఆలన' పేరుతో నర్సులున్న వాహనాలు మంచం పట్టినవారి ఇళ్లకే వెళ్లే ఏర్పాటు చేసింది. కేరళలో 1993లో కాలికట్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన మిత్రులు వేసిన బాట ఇది. అక్కడ వీధివీధిలో వాలంటీర్లున్నారు, ఇక్కడ ఇంకా ఆ స్థాయికి రాలేదు. అల్వాల్‌లో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. గుండె, మెదడు, మూత్రపిండాల విభాగాల గురించి అందరూ మాట్లాడుతున్నారు. మార్ఫిన్ నిల్వకు గుర్తింపు, ఉపశమన వైద్యానికి కొన్ని పడకలు కూడా అందులో ఉంటే ఉత్తర శివారు అంతటికీ ఆ ఇరవై కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుంది.

లివింగ్ విల్ సంగతికొస్తే, 2018లో దాని మీద మేజిస్ట్రేటు సంతకం ఉండాలన్నారు. అది ఎవరివల్లా కాలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు నిబంధనలు సడలించింది. పద్దెనిమిదేళ్లు నిండి, మనసు స్థిమితంగా ఉన్న ఎవరైనా ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరింపజేసుకుంటే చాలు. కోలుకోలేని స్థితి వచ్చి, చెప్పే శక్తి పోయినప్పుడు, చికిత్స చేస్తున్న డాక్టరు, ఇద్దరు నిపుణులు కలిసి మొదటి మండలిగా చూస్తారు. జిల్లా వైద్యాధికారి ప్రతినిధితో రెండో మండలి చూస్తుంది. ఒక్కోదానికి నలభై ఎనిమిది గంటలు. అమలుకు ముందు మేజిస్ట్రేటుకు సమాచారం ఇస్తే సరిపోతుంది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న ఈ మండలుల ఏర్పాటుకు ఉత్తర్వు ఇచ్చింది.

ఆ పత్రంలో వెంటిలేటర్ వద్దు, గుండె ఆగితే మళ్లీ నొక్కి బతికించవద్దు అని రాసేవాళ్లు, నొప్పి మందు, అవసరమైతే నిద్రపుచ్చే మందు ఎట్టి పరిస్థితిలోనూ ఆపవద్దన్న వాక్యం కూడా రాయాలి. చాలామంది దాన్ని మరిచిపోతారు. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఒక ప్రతి కుటుంబ వైద్యుడికి, ఒకటి స్థానిక పురపాలక సంస్థలో అందుకోసం నియమించిన అధికారికి చేరాలి. అందులో పేర్లు రాసిన బంధువులకు ఆ సంగతి ముందే చెప్పి, వాళ్ల ఎదుటే చదివించాలి. ఐ.సి.యు. బయట సంతకం పెట్టమని డాక్టర్లు అడిగేది వాళ్లనే.